చలిపట్టిన సీసా

పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక, నలభై దాటి పరిశోధనలో చేరడంతో ల్యాబ్‌లో అందరికీ ఆవిడ వదినగారైపోయింది. మాస్టారొక్కరే "అమ్మాయీ" అంటారు. ఆయనకు ఆవిడే ఆఖరి విద్యార్థిని. వచ్చే నెల రిటైరవుతున్నారు.

బాక్టీరియాలో పెంచిన వదినగారి ప్రోటీన్ ఉండకట్టి, గొట్టం అడుగున మొండికేసి కూర్చుంది. చిక్కటి యూరియా ద్రావణం పోస్తే ఆ ఉండ విడిపోతుంది. తర్వాత యూరియాను మెల్లమెల్లగా తగ్గిస్తే ప్రోటీన్ తన అసలు రూపానికి చుట్టుకుని పనిచేస్తుంది. మిగిలింది ఆ ఒక్క గొట్టమే. అది పాడైతే మళ్లీ పెంచే వ్యవధి లేదు, థీసిస్ అటకెక్కినట్టే.

యూరియాకో పెంకితనం ఉంది. నీళ్లలో కరుగుతున్నకొద్దీ సీసా మంచుగడ్డలా చల్లబడిపోతుంది, చల్లబడ్డాక మిగిలింది కరగనంటుంది. వదినగారు విసుగెత్తి సీసాను హాట్‌ప్లేట్ మీద పెట్టింది. సరిగ్గా అప్పుడే ఫోన్.

"చిన్నదాని సాక్సులు ఎక్కడున్నాయే?" అన్నాడు మొగుడు.

"ఎక్కడ విప్పిందో అక్కడే ఉంటాయండీ."

"ఎక్కడ విప్పింది?"

ఆ చర్చ మంచం కిందికీ బీరువా వెనక్కీ పోయి తిరిగొచ్చేసరికి సీసా పొగలు కక్కుతోంది. ద్రావణం అద్దంలా తేటగా ఉంది. మరిగిన యూరియాలో పుట్టే పదార్థం ప్రోటీన్‌కు అంటుకుంటే ఇక అది అసలు రూపానికి రాదు. చూడ్డానికి మాత్రం ఏమీ తెలియదు. ఎవరూ చూడనూ లేదు. వదినగారు ఒక్క క్షణం ఆ తేటదనాన్ని ఆశగా చూసి, మొత్తం సింకులో పారబోసింది.

మళ్లీ కలిపింది. ఈసారి ఏ యంత్రాన్నీ నమ్మబుద్ధి కాలేదు. సీసాకు గట్టిగా బిరడా బిగించి, స్వెట్టర్‌లోకి దోపి, చంకలో పెట్టుకుని గదిలో పచార్లు మొదలుపెట్టింది. మధ్యమధ్య మెల్లగా ఊపుతోంది కూడా. జో కొట్టడమొక్కటే తక్కువ. మాస్టారు గుమ్మంలో నిలబడి ఎంతసేపటి నుంచి చూస్తున్నారో తెలియదు.

"ఏమమ్మాయీ, నిద్రపోయిందా?"

వదినగారి మొహం సిగ్గుతో కందగడ్డ అయింది. "యూరియా అండీ. చలిపట్టింది." సీసాను రెండో చంకలోకి మార్చుకుని, "మొదటిది మరిగించేశాను మాస్టారూ," అంది.

"ప్రోటీన్‌లో పోశావా?"

"లేదు. పారబోశాను."

"మరింకేం? ఇటివ్వు, నీ వేళ్లు చూడు ఎలా పాలిపోయాయో."

ఆయన సీసా అందుకుని కోటు లోపల పెట్టుకున్నారు. "అబ్బ, నీ బిడ్డ మరీ చల్లగా ఉందే," అంటూ తనూ పచార్లు అందుకున్నారు. ఆయన అలిసిపోతే ఆవిడ, ఆవిడ అలిసిపోతే ఆయన. పక్క గదివాళ్లు తొంగిచూసి, నవ్వాపుకుంటూ తలుపు దగ్గరగా వేసి వెళ్లారు.

చివరి పలుకు కరిగాక వడగట్టి గొట్టంలో పోశారు. తెల్లటి ఉండ పాలలా చెదిరి, కాసేపటికి నీళ్లలా తేటపడింది.

"ఇక దాని దారిన దాన్ని రానివ్వాలి. తొందరపెట్టకు," అన్నారు మాస్టారు.

"తొందరంతా మీ రిటైర్మెంటుదే కదండీ," అంది వదినగారు.

రెండు రోజులు యూరియాను మెల్లగా తగ్గించుకుంటూ వచ్చి, పరీక్ష పెట్టింది. ప్రోటీన్ పనిచేస్తే రంగులేని ద్రవం పసుపుపచ్చగా మారాలి. ఇద్దరూ గొట్టం మీదికి వంగారు. ముందు అనుమానంగా, తర్వాత నిస్సందేహంగా, పసుపు రంగు తిరిగింది.

మాస్టారు ఆ గొట్టాన్ని ఆవిడ చేతిలోంచి దాదాపు లాక్కున్నారు. పనుంటే తప్ప గది దాటని మనిషి, వరండాలో గదిగదికీ తలుపు తట్టి, "మా అమ్మాయిది, చూశారా," అని చూపించుకుంటూ పోయారు. వెనకాలే వదినగారు చేతులు చాపుకుని పరిగెత్తింది.

"మెల్లగా మాస్టారూ, ఒలుకుతుంది."