శాన్ లూకా కమానుల కింద

ప్రతి ఆదివారం నెరియో తన స్నేహితులు లేయార్కో, ఒట్టావియోలతో ఇటలీలోని బొలోన్యా కొండమీది శాన్ లూకా చర్చికి నడుస్తాడు. దారి పొడవునా కమానులే. స్తంభానికి చెయ్యి ఆనించి, ఏ కమాను ఎవరు కట్టించారో చెప్పడానికి ఆగుతాడు. ఆ ఆగడం ఊపిరి కోసమని స్నేహితులకి తెలిస్తే ఇంట్లో కూర్చోమంటారు. ఇంట్లో అతన్ని పలకరించే మనిషి లేడు.

"పోయినవారం చెప్పులు కుట్టేవాళ్లు కట్టించారన్నావు, ఇవాళ రొట్టెలవాళ్లంటావేంట్రా?" అన్నాడు లేయార్కో.

"వాళ్లు గోడ కట్టారు, వీళ్లు పైకప్పు వేశారు. నోర్మూసుకుని విను."

తర్వాతి మలుపులో నెరియో నోరు తెరిచాడుగాని మాట రాలేదు. ఒట్టావియో వంగి బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకోసాగాడు. లేయార్కో నెరియో మొహం చూడకుండా ఆ కమాను కథ తనే మొదలుపెట్టాడు. అంతా తప్పే. ఇద్దరికీ ఎప్పటినుంచో తెలుసునని నెరియోకి అర్థమైంది. తప్పు దిద్దడానికి ఊపిరి లేదు.

కథ ముగించి లేయార్కో చర్చి వైపు కాకుండా దిగువకి తిరిగాడు. "పదరా, కింద కాఫీయే బాగుంటుంది."