ధనమ్మ చేతుల తడి

ధనమ్మ తప్పేమీ లేదు. ఈ మూడు మాటలు అనడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఇప్పుడైనా, నేనెవరో మీకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ని. ట్యాంకులో గుజ్జు ఎంతవరకు నిండిందో కొలిచి ప్యానెల్‌కు పంపే ట్రాన్స్‌మిటర్లు చూసుకోవడం నా పని. అది జరిగిన రోజు సీజన్ జోరుగా ఉంది. గేటు బయట తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ఆ ఉదయమే ట్యాంకు మీది ట్రాన్స్‌మిటర్ పోయింది. స్టోర్‌లో ఉన్న కొత్తది తెచ్చి బిగించాను.

పాతదానికి వైర్లు రెండే. ప్యానెల్ ఇచ్చే కరెంటుతోనే నడిచి, అవే వైర్ల మీద కొలత పంపేది. కొత్తది అలా కాదు. దానికి కరెంటు వేరే లైను నుంచి ఇవ్వాలి, కొలతనూ తన కరెంటుతోనే పంపుతుంది. ప్యానెల్ కరెంటు దానికి తగలకూడదు. మూత లోపల బొమ్మ గీసి మరీ ఉంది. చూశానా? లేదు. ఇలాంటివి ఎన్ని బిగించలేదు అన్న పొగరు. కరెంటు లైను ఇచ్చాను గానీ, కొలత పంపే పాత వైర్లు ఉన్నవి ఉన్నట్టే బిగించేశాను. స్విచ్ వేయగానే రెండు కరెంట్లు ఎదురుపడి ప్యానెల్లో సర్క్యూట్ కార్డు కాలిపోయింది. లైను మొత్తం ఆగిపోయింది.

వాసన రాగానే నాకు అర్థమైంది. మేనేజర్ వచ్చేలోపు వైర్లు సరిగ్గా మార్చేశాను. చేతులు వణకలేదు కూడా. ఇప్పుడు తలుచుకుంటే దానికే ఎక్కువ భయం వేస్తుంది.

ప్యానెల్ ముందు నేల తడిగా ఉంది. ధనమ్మ అప్పుడే పైపుతో కడిగి వెళ్లింది. రోజూ కడిగేదే. మేనేజర్ ఆ తడిని చూసి, నా వైపు చూశాడు.

"నీళ్లు పడినాయేమో సార్," అన్నాను.

'ఏమో' అన్నాను కదా, అబద్ధం ఎలా అవుతుందని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ సాకు ఎవరి కోసం?

సాయంత్రం ఆమెను ఇక పనికి రావద్దన్నారు. టిఫిన్ క్యారియర్ పట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"పైపు అటు తిప్పనే లేదన్నా. తిప్పినానా? నాకే తెలీకుండా ఉండాది. నిజంగా నా సేతుల వల్లేనా?"

"ఒక్క సుక్క పడినా సాలమ్మా."

"అట్లయితే నాదే తప్పు. కాయలు పెట్టుకోని బయట ఎంతమంది నిలబడుకోని ఉండారో," అని కళ్లు తుడుచుకుంది.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. నమ్మింది.

మొన్న రేణిగుంటలో కనిపించింది. రోడ్డు పక్కన టిఫిన్ బండి పెట్టుకుంది. గుర్తుపట్టి, కూర్చోబెట్టి దోసె వేసింది. చట్నీకి మిక్సీ వేయాల్సి వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. అయినా స్విచ్ ముట్టలేదు.

"అన్నా, కొంచెం నువ్వు వేస్తావా? నా సెయ్యి మంచిది కాదు, నీకు తెలుసు గదా," అని నవ్వింది.

లేచి వేశాను. ఆమె పెట్టిన దోసె తిన్నాను. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? ఆ నవ్వు పోతుందనా, నా పరువు పోతుందనా? రెండోదే. ఇక్కడ కూడా అబద్ధం ఆడలేను.

కాలిన కార్డును ఆ రోజు విప్పి చూసింది నేనే. దాని మీద ఒక్క చుక్క తడి లేదు. ఆమెకు చెప్పాల్సిన ఈ మాట మీకు చెప్పాను. గుండె కాస్త తేలికైంది. అలా తేలికైనందుకూ సిగ్గుగానే ఉంది.