కాటుక దొర కథకు నా సవరణలు

ఆ రోజుల్లో ఒక సినిమా నచ్చకపోతే ఆ బాధను నెలల తరబడి మోసేవాళ్లం. ఇప్పుడైతే హాల్లోంచి బయటికి రాకముందే ఫోనులో రెండు ముక్కలు తిట్టి, ఇంటికెళ్లి అన్నం తిని పడుకోవచ్చు. అప్పటి మా ఫోన్లలో అంత తిట్టు పట్టేది కాదు. అందుకని నేను రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. అట్ట మీద ఎర్ర సిరాతో 'సవరణలు' అని రాసి కింద గీత గీశాను. (స్కేలు పెట్టి గీశాను. విషయం అంత తీవ్రమైనదని నా ఉద్దేశం.)

నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. నరసరావుపేటలో హాస్టలున్న ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ని. మేడ మీది గదిలో నాతోపాటు లెక్కల లెక్చరరు ఉండేవాడు. బోర్డు మీద సిగ్మా గుర్తు వేసినప్పుడల్లా ఒక అడుగు వెనక్కి వేసి దాన్ని మెచ్చుకోలుగా చూసుకునేవాడు కాబట్టి పిల్లలు అతన్ని సిగ్మా సారు అనేవాళ్లు. నన్నేమనేవాళ్లో నాకు తెలియదు. సిగ్మాకు తెలుసుగానీ చెప్పేవాడు కాదు. మా ఇద్దరినీ కలిపింది ఫిజిక్సూ కాదు, లెక్కలూ కాదు. కాటుక దొర.

కాటుక దొర ఒక విదేశీ అంతరిక్ష సినిమాలో దుష్టుడు. నక్షత్రాలను ఒక్కొక్కటే ఆర్పుకుంటూ పోతాడు. అసలు పేరు నోరు తిరగనిది కాబట్టి తెలుగు డబ్బింగు రాసిన మహానుభావుడెవరో కాటుక దొర అని పెట్టాడు. మా చిన్నప్పుడు ఆ వరసలో మూడు సినిమాలు వచ్చాయి. మూడోదాని చివర చనిపోయే ముందు దొర తన చేతులు చూసుకుని, "నేను కూడా ఒకప్పుడు దీపాలు వెలిగించినవాణ్ణే" అంటాడు. అంతే, కళ్లు మూస్తాడు. ఆ ఒక్క ముక్క పట్టుకుని సిగ్మా తన ఊళ్లోనూ, నేను సత్తెనపల్లిలోనూ, ఒకరికొకరం తెలియకుండానే పదేళ్లు ఆలోచించాం. దీపాలు వెలిగించేవాడు ఆర్పేవాడెట్లా అయ్యాడు? ఆ ముందు కథ చెప్తామంటూ ఆ కంపెనీవాళ్లు చాన్నాళ్లకు మళ్లీ మూడు సినిమాలు తీశారు. మొదటిది నరసరావుపేటలోనే చూశాం. రెండోది ఇక్కడికి రాలేదు, చిలకలూరిపేట వెళ్లాం. మూడోదానికి గుంటూరు దాకా పోవలసివచ్చింది. సినిమా నాణ్యత తగ్గేకొద్దీ మా బస్సు ప్రయాణం పెరిగింది.

మొదటి సినిమాలో సగం సేపు ఏడు గ్రహాలవాళ్లు గుండ్రంగా కూర్చుని నీళ్ల పంపకం గురించి మీటింగు పెడతారు. మంచు తోకచుక్కల్ని కరిగించి గ్రహం నుంచి గ్రహానికి నీళ్లు పంపే ఏర్పాటు అది. ఎవరికెంత అన్నది చర్చ. రెండో సినిమా అంతా పూలతోటలో ప్రేమ. మూడోదాంట్లో మన కుర్రవాడు, అంటే కాబోయే కాటుక దొర, సభలో మాట్లాడుతుంటే ఒక ముసలాయన మధ్యలో ఆపి కూర్చోమంటాడు. ఇతను కూర్చోడు. బయటికి వెళ్లి ఒక సూర్యుణ్ణి ఆర్పేస్తాడు. అదీ కారణం. మా కాలేజీలో ప్రిన్సిపాల్ గారు నా మాటను రోజుకు నాలుగుసార్లు మధ్యలో ఆపేవారు. నేను ఒక్క ట్యూబులైటు కూడా ఆర్పలేదు.

గుంటూరు నుంచి వచ్చిన మర్నాడే నోట్‌బుక్ మొదలైంది. మొట్టమొదటి సవరణ, ఆ నీళ్ల మీటింగు మొత్తం కొట్టెయ్యడం. పూలతోటను మూడు నిమిషాలకు కుదించాను. కుర్రవాడికి ఒక ప్రాణస్నేహితుణ్ణి పెట్టి, రెండో సినిమా చివర ఆ స్నేహితుడి చేత మోసం చేయించాను. సిగ్మా ఒప్పుకోలేదు. "మనిషి మారడానికి మూడు మెట్లుండాలి, సినిమాకొకటి. నువ్వు ఒక్క మెట్టు పెట్టి దూకమంటన్నావు," అనేవాడు. రెండో మెట్టు దగ్గర మాకు మాటల్లేకుండా పోయిన రోజులున్నాయి. మెస్సులో సాంబారు గిన్నె ఒకరికొకరం అందించుకోవడం కూడా మానేశాం.

అట్లాంటి రోజుల్లో మొదటి సంవత్సరం పిల్లలకు గురుత్వాకర్షణ పాఠం వచ్చింది. బోర్డు మీద ఎస్కేప్ వెలాసిటీ (గ్రహం లాగుడు తప్పించుకుని పోవడానికి కావలసిన వేగం) సూత్రం రాస్తుంటే మూడో బెంచీలోంచి ఒక కుర్రాడు లేచి, "సార్, నక్షత్రాన్ని ఆర్పొచ్చా?" అని అడిగాడు. ఎందుకడిగాడో నాకు ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం సుద్దముక్క కింద పెట్టేశాను. ఆ రోజు మొదలుపెట్టి నాలుగు రోజులపాటు కాటుక దొర ముందు కథ, నా సవరణలతో సహా, అరవై మందికి చెప్పాను. క్లాసులో చీమ నడిస్తే వినపడేది. అంతకు ముందు నా క్లాసులో ఏనుగు నడిచినా వినపడేది కాదు. నేను పుట్టుకతోనే గొప్ప ఉపాధ్యాయుణ్ణనీ, ఇన్నాళ్లూ ఆ సంగతి సిలబస్ దాచిపెట్టిందనీ నాకు నమ్మకం కుదిరింది.

ఐదో రోజు నెలవారీ పరీక్ష. ఎస్కేప్ వెలాసిటీని నిర్వచించమన్న ప్రశ్నకు ఆ మూడో బెంచీ కుర్రాడు ఇట్లా రాశాడు: 'కాటుక దొర తన స్నేహితుణ్ణి వదిలి వెళ్లిపోయిన వేగమును ఎస్కేప్ వెలాసిటీ అందురు.' (ఇంగ్లిషు మీడియం పిల్లవాడే. ఉద్వేగంలో తెలుగులోకి వచ్చేశాడు.) పక్కన దొర అంతరిక్ష నౌక బొమ్మ వేసి భాగాలు కూడా గుర్తించాడు. మిగతా పేపర్లలో బొమ్మలు అంత బాగా లేవు, జవాబులు మాత్రం దాదాపు అవే.

మరుసటి వారం ప్రిన్సిపాల్ గారు ఆ కట్ట ముందేసుకుని నన్ను పిలిచారు. కోప్పడలేదు. అందుకే భయం వేసింది. "ఆదివారం తల్లిదండ్రులు వస్తన్నారు. ఈ పేపరు వాళ్లకి నువ్వే చదివి వినిపించు. నిన్ను ఉంచమంటే ఉంచుతా, పొమ్మంటే పోదువుగాని," అన్నారు. ఉద్యోగంలో చేరి అప్పటికి రెండేళ్లు. సత్తెనపల్లిలో మా అమ్మ మావాడు లెక్చరరని రెండు వీధులవతల దాకా చెప్పేసి ఉంది. శనివారం పూట నేను భోజనం సగంలో లేవబోతే సిగ్మా సాంబారు గిన్నె నావైపు జరిపాడు. అంతకన్నా వేరే సానుభూతి అతనికి చేతకాదు.

ఆదివారం పొద్దున హాల్లో ఇరవై మంది దాకా కూర్చున్నారు. నేను పేపరు చదివాను. ఒకరిద్దరు నవ్వారు. మూడో బెంచీ కుర్రాడి తండ్రి మాత్రం నవ్వలేదు. ఎడ్లపాడు వైపు నుంచి వచ్చిన రైతు, బక్కపల్చటి మనిషి, పక్కన భార్య. ఆయన లేచి నిలబడ్డాడు.

"సారూ, మావోడు మొన్న ఇంటికొచ్చి రెండు రోజులు ఇదే కథ చెప్పాడు. నేనూ విన్నా. నిన్నొకటి అడగాల."

"అడగండి," అన్నాను.

"సినిమాలో ఆ నీళ్ల పంపకం మీటింగుంటే నువ్వు తీసేశావంట. ఎందుకు తీశావు?"

ఉద్యోగం సంగతి మర్చిపోయి నేను వాదనకు దిగాను. "మీటింగు ఎవరు చూస్తారండీ గంటసేపు?"

"నేను చూస్తా. పదిహేనేళ్ల నుంచి మా నీళ్ల మీటింగులు చూస్తన్నా. మాది కాలవ చివర. కథ మొత్తానికీ పనికొచ్చేది ఆ మీటింగు ఒక్కటే, నువ్వు దాన్ని తీసి స్నేహితుడి మోసం పెట్టావు. ఇంతకీ ఆ పిల్లోడిది ఎన్నో గ్రహం?"

నాకు తెలియదు. సినిమా చెప్పలేదు. నాకూ అడగాలని తోచలేదు.

"ఏడోది పెట్టు," అన్నాడాయన. "కాలవ చివరిది. దీపాలు వెలిగించే కొలువు, పెద్ద ఉద్యోగమే, కానీ సొంతూరికి నీళ్లు రావు. మొదటి సినిమాలో మీటింగుకొచ్చి అడుగుతాడు. వచ్చే తడవ చూద్దామంటారు. రెండోదాంట్లో మళ్లా అడుగుతాడు. మళ్లా అదే మాట. మూడోదాంట్లో ఆడికి లెక్క తెలిసిద్ది. పై గ్రహానికి ఎండ లేకపోతే పైరుండదు. పైరు లేకపోతే ఆళ్లకి నీళ్లతో పనుండదు. నీళ్లు కిందికొస్తయ్యి. అందుకని పైనోళ్ల సూర్యుణ్ణి ఆర్పేస్తాడు. నీళ్లొస్తయ్యి గూడా. అదే చెడిపోవడం, సారూ. చేసిన పాపం పనికిరాకపోతే మనిషి మానుకుంటాడు. పనికొచ్చిందనుకో, ఇంక మానడు."

మూడు మెట్లు. సినిమాకొకటి. హాలు చివర తలుపు దగ్గర నిలబడ్డ సిగ్మా చొక్కా జేబులోంచి పెన్ను తీయడం నాకు కనపడింది.

"అంటే తప్పు పైనోళ్లదా?" అని ముందు వరసలో ఒక పెద్దాయన అన్నాడు. మాచర్ల దగ్గర ఊరు ఆయనది, కాలువ మొదట్లోనే పొలం. "ఎప్పుడు చూసినా పైనోళ్లు తాగేస్తన్నారంటారు. మా గట్లు తెగి మేం చచ్చేది ఎవరికీ కనపడదు. ఆ మొదటి గ్రహం వాళ్ల మాట ఒక్కటన్నా పెట్టాడా ఈ సారు?"

"మీ మాట మీటింగులో ఎప్పుడూ ఉండేదేగా పెదనాయనా. మాదే ఉండదు."

"నీళ్లు మీదాకా రాకపోతే మధ్యలో మోటార్లు పెట్టినోళ్లని అడుగు. మమ్మల్నంటావేంది?"

దాంతో మధ్య ఊళ్లవాళ్లు కుర్చీలు ముందుకు జరిపారు. పావుగంటసేపు హాల్లో ఎవరు ఏ గ్రహం గురించి మాట్లాడుతున్నారో, ఎవరు ఏ కాలువ గురించి మాట్లాడుతున్నారో తేల్చడం కష్టమైంది. ముగింపు ముందే తెలిసిన కథను ఎవరు చూస్తారని ఎవరో అంటే, "కారంపూడిలో పల్నాటి వీరులందరూ పోయారని తెలిసే గదా ఏటా పోయి వింటన్నాం," అని ఇంకెవరో జవాబిచ్చారు. ప్రిన్సిపాల్ గారు బల్ల మీద చరిచి, "ఆగండి, మధ్య గ్రహాల సంగతి మీకు తెలియదు," అని మొదలుపెట్టి, తానెక్కడున్నారో గుర్తొచ్చి ఆగిపోయారు. (ఆయన పొలం నరసరావుపేట దగ్గరే. మధ్య ఆయకట్టు.)

తీర్పు త్వరగానే వచ్చింది. "సారుని ఉంచండి," అన్నాడు ఎడ్లపాడు రైతు. "చెప్పటం వచ్చు. కాకపోతే పాఠం చెప్పమనండి." మాచర్ల పెద్దాయన కూడా తలూపాడు. ఆ రోజు వాళ్లిద్దరూ ఏకీభవించింది ఆ ఒక్క విషయంలోనే. నాలుగు ఆదివారాలు గురుత్వాకర్షణ మొదటినుంచీ చెప్పాలనీ, ఈసారి పిల్లలు పరీక్ష తప్పితే నేను వెళ్లిపోవాలనీ ప్రిన్సిపాల్ గారు తేల్చారు.

ఎడ్లపాడు వాళ్లను సాగనంపడానికి గేటు దాకా వెళ్లాను. రైతు ఆటో కోసం రోడ్డు మీదికి వెళ్లాడు. హాల్లో ఒక్క మాటా మాట్లాడని ఆయన భార్య అప్పుడు నావైపు తిరిగింది.

"ఆ పిల్లోడికి అమ్మ లేదా?"

"సినిమాలో లేదండీ."

"ఉంటే బాగుండేది. నీళ్లొచ్చినయ్యి అని కొడుకు బిందె తెచ్చి ముందు పెడతాడు గదా. ఎక్కణ్ణుంచి వచ్చినయ్యిరా అని అడిగిద్ది. ఆడు చెప్తాడు. పైన పిల్లలు చీకట్లో ఉన్నారని తెలిసినాక ఆమె ఆ నీళ్లు తాగదు." రోడ్డు వైపు చూసి, "ఆడు అప్పుడు చెడిపోతాడు. నీళ్లొచ్చినప్పుడు కాదు," అంది. ఆటో వచ్చింది. ఆవిడ చెంగు సర్దుకుని ఎక్కింది.

నాలుగు ఆదివారాలూ పాఠం చెప్పాను. పరీక్షలో ఇద్దరు తప్ప అందరూ గట్టెక్కారు. ఆ ఇద్దరూ కథ విన్న రోజుల్లో కూడా నిద్రపోయినవాళ్లే కాబట్టి ప్రిన్సిపాల్ గారు పెద్దగా పట్టించుకోలేదు. నోట్‌బుక్‌లో పాతదంతా కొట్టేసి ఏడో గ్రహం నుంచి కొత్తగా రాశాను. సిగ్మా ప్రతి పేజీ కింద 'సరే' అని రాసి సంతకం పెట్టేవాడు. తల్లి దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది. బిందె ముందు కూర్చున్న ఆవిడ చేత ఏం మాట్లాడించినా అది నా మాటే అయ్యేది, ఉపన్యాసంలాగా ఉండేది. నాలుగు పేజీలు చింపాను. చివరికి ఆ చోటు ఖాళీగా వదిలేసి, తర్వాత రాద్దామనుకున్నాను. బ్యాంకు ఉద్యోగం వచ్చి సిగ్మా వెళ్లిపోయాడు, నోట్‌బుక్ ఎవరి పెట్టెలో పడిందో ఇద్దరికీ తెలియదు.

మొన్న వేసవిలో, కాలేజీ సెలవుల్లో, ఆ మూడు సినిమాలూ ఇంట్లో టీవీలో మళ్లీ చూశాను. ఇప్పుడు నా వయసుకు మీటింగులు అంత విసుగనిపించవు. మొదటి సినిమాలో నీళ్ల చర్చ జరుగుతుండగా ఒకచోట ఆపి, వెనక్కి జరిపి చూశాను. సభలో ఆఖరి వరస వెనక గోడకానుకుని ఒక ముసలావిడ నిలబడి ఉంది. చేతిలో ఖాళీ పాత్ర. రెండు క్షణాలుంటుంది. ఒక్క మాట లేదు. ఆవిడెవరో సినిమా చెప్పదు, తర్వాత ఎక్కడా కనపడదు. తీసినవాళ్లకు ఆవిడ సంగతి తెలిసి ఉండవచ్చు, ఎవరో కత్తిరించి ఉండవచ్చు, లేదా గుంపులో నిలబెట్టిన మనిషే కావచ్చు. ఆ సినిమా అప్పట్లో రెండుసార్లు చూశాను. రెండుసార్లూ సరిగ్గా ఆ రెండు క్షణాలు నేను సిగ్మా వైపు తిరిగి, ఈ మీటింగు తీసెయ్యాలి అని చెవిలో చెబుతూ ఉండి ఉంటాను.