పట్టుకుంటే విరిగే బిడ్డ

మద్రాసు నుంచి ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు. వెంగల్‌లో మా దూరపు చుట్టాల కోడలు కన్నబిడ్డను కొట్టి ఎముకలు విరుస్తోందని ఊరంతా చెప్పుకున్నారు. ఆ ఆడపిల్లకు ఇంకా నడకే రాలేదు. అప్పటికే ఒక చెయ్యి, ఒక కాలు, మళ్లీ అదే కాలు విరిగాయి. ఎముకలకు కట్టు కట్టే ఆయన, బిడ్డ తల్లి ఎదుటే ఉమ్మేసి వెళ్లాడట. నేను తిరువళ్లూరులో టీచరును. ఇంగ్లీషు వచ్చు కాబట్టి మద్రాసు ఆసుపత్రికి తోడు రమ్మని ఆమె భర్త అడిగాడు.

చేటలో పాత చీరలు పరిచి, బిడ్డను పడుకోబెట్టి రైలెక్కబోయాం. పెట్టెలోంచి ఒక పెద్దాయన సాయం చేద్దామని బిడ్డను చంకల కింద పట్టి పైకెత్తాడు. టక్కుమని వినిపించింది. బిడ్డ కేక పెట్టింది. ఆయన హడలిపోయి దాన్ని చేటలో పెట్టేసి, జనంలోకి తప్పుకున్నాడు.

"దీన్ని గూడా నేనే ఇరిచినానంటారు అక్కా," అంది తల్లి.

మద్రాసులో డాక్టరు ఇంగ్లీషులోనే మాట్లాడాడు. బిడ్డ కంటి తెల్లగుడ్డు నీలంగా ఉందని చూపించాడు. తలెత్తి తండ్రి కళ్లు చూశాడు. అవీ అంతే. చిన్నప్పుడు ఎముకలేమైనా విరిగాయా అని నాచేత అడిగించాడు.

"చెయ్యి రెండు మూడు తూర్లు ఇరిగినాది," అన్నాడతను, నేల చూస్తూ.

ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బట. పుట్టుకతోనే ఎముకలు పెళుసు. మందు లేదు. తండ్రి నుంచి వచ్చింది, తల్లి తప్పేమీ లేదు. నేను తెలుగులో చెప్పగానే ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. అది సంతోషమని నాకు వెంటనే తెలియలేదు.

వెంగల్ చేరగానే ఆమె అత్తగారికి అంతా చెప్పాను.

"మొగోడికి వంక పెట్టేదానికా నువ్వు ఇంగ్లీషు చదివినావు?" అని, కొడుకు వైపు తిరిగింది. "డాక్టరు ఏం చెప్పినాడురా?"

"నాకేం అర్థం కాలేదుమా," అన్నాడతను.

తల్లీబిడ్డలను తిరువాలంగాడులోని ఆమె పుట్టింటికి తోలేశారు. తిరుత్తణి కొండ మీద అతనికి ఇంకో పెళ్లి చేశారు. వానాకాలంలో బిడ్డకు దగ్గు పట్టుకుంది. దగ్గుకే పక్కటెముకలు విరిగి చనిపోయింది. కబురు పెట్టినా తండ్రి రాలేదు.

రెండో భార్యకు కొడుకు పుట్టాడు. మంత్రసాని చేతుల్లోనే వాడి తొడ ఎముక విరిగింది. అది విని మొదటి భార్య నా దగ్గరికి పరుగున వచ్చింది.

"ఆ పిల్లకు బిడ్డను ఎత్తుకునేది తెలీదక్కా. చెప్పేసి వచ్చేద్దాం, రా."

అత్తగారు మమ్మల్ని గడప దాటనివ్వలేదు. "నీ పాడు కన్నే పడినాది నా మనవడి మీద!" అని ముఖాన తలుపు వేసింది. లోపల బిడ్డ ఏడుస్తున్నాడు. ఈమె తలుపుకు నోరు ఆనించి అరిచింది.

"చెల్లీ, రెక్క పట్టి లేపొద్దు! కింద గుడ్డతోనే ఎత్తుకో!"

పురిటి నెల తిరక్కుండానే, బిడ్డను కొడుతోందని ఆ రెండో ఆమెనూ పుట్టింటికి పంపేశారు.