ఎవరి చోట్లో వాళ్ళు

కెప్టెన్‌కి ఉన్నది ఒకటే పిచ్చి. ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతున్నంతసేపూ ఎవరి చోట్లో వాళ్ళుండాలి. ఆటగాళ్ళు కాదు, చూసేవాళ్ళు.

ఆయన బంతిని తన్నగా చూసినవాళ్ళు లేరు. ఆ పేరు స్నేహితులు పెట్టింది. వృత్తి పళ్ళు కట్టడం. ఊళ్ళో సగంమంది పెద్దవాళ్ళు ఆయన కట్టిన పళ్ళతోనే ఆయన్ని తిడుతుంటారు. ఏ పన్ను ఎక్కడుండాలో తెలిసినవాడికి ఏ మనిషి ఎక్కడ కూర్చోవాలో తెలియదా అని ఆయన వాదన.

వయసులో ఉన్నప్పుడు కెప్టెన్, టైలరు, బస్సు డ్రైవరు, లెక్కల మాస్టారు ఒకే వీధిలో పక్కపక్క వాటాల్లో ఉండేవారు. వాళ్ళు అభిమానించే నీలిచొక్కాల జట్టు ఒకే ఒక్కసారి కప్పు గెలిచింది. ఆ రోజు నలుగురూ కెప్టెన్ ఇంట్లోనే ఉన్నారు. తర్వాత ఆ జట్టు మళ్ళీ గెలిచిన పాపాన పోలేదు. తప్పు జట్టుది కాదని, ఆ రోజు కూర్చున్నట్టు మళ్ళీ కూర్చోలేకపోతున్న తమదేనని కెప్టెన్ తేల్చేశాడు. అందుకని తలో ఊరికీ చెదిరిపోయినా, ఏటా వేసవిలో ఆఖరి మ్యాచ్‌కి అందరూ ఆయన ఇంటికి రావాల్సిందే.

ఆ రోజులాగే మాస్టారు గుమ్మం దగ్గర నిలబడి యాంటెన్నా తీగ పట్టుకోవాలి. యాంటెన్నాల కాలం పోయి చాలా ఏళ్ళయింది. "దేనికీ తగిలించని తీగ పట్టుకుంటే ఏం లాభంరా?" అని మాస్టారు ఒకసారి అడిగారు. "వదిలేసి చూడు, తెలుస్తుంది" అన్నాడు కెప్టెన్. పిల్లలకి తర్కం చెప్పే మనిషికి ఆ తీగ వదలడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

కెప్టెన్ చోటు మరీ అన్యాయం. నడుం నుంచి కింది భాగం హాల్లో, పైభాగం వంటింట్లో. ఆ రోజు టీ పెడుతున్నాడట. జట్టంటే ప్రాణమిచ్చే మనిషి ఇన్నేళ్ళలో ఒక్క గోలూ కళ్ళారా చూడలేదు. "ఏమైంది?" అని స్టవ్వుని అడుగుతుంటాడు.

ఇక బెంచీ కథ. డ్రైవరు కొడుకు పెళ్ళికి డ్రైవరు కోటు టైలరే కుట్టాడు. ఫోటోకి నిలబడగానే గుండీ ఎగిరి వియ్యంకుడి నుదుటికి తగిలింది. "ఎవడి కొలతలతో కుట్టావురా?" అన్నాడు డ్రైవరు. "ఊపిరి బిగబట్టి కొలతలిచ్చినవాడివి. పెళ్ళంతా అలాగే బిగబట్టుకోవాల్సింది" అన్నాడు టైలరు. అంతటితో మాటలు బంద్. ముప్ఫయ్యేళ్ళ స్నేహం గుండీతో పాటు ఎగిరిపోయింది.

సరిగ్గా ఆ వేసవికే కెప్టెన్‌కి జ్ఞానోదయమైంది. ఇన్నాళ్ళూ పొరపాటుగా కూర్చుంటున్నామని, ఆ రోజు టైలరూ డ్రైవరూ ఒకే బెంచీ మీద ఉన్నారని, ఇప్పుడే గుర్తొచ్చిందని ప్రకటించాడు. ఎక్కణ్ణుంచో ఒక బెంచీ తెచ్చి హాలు మధ్యలో ఉన్న స్తంభం వెనక వేశాడు. దాని మీద ఇద్దరు కూర్చుంటే భుజాలు ఒరుసుకుంటాయి. స్తంభం అడ్డంతో టైలరుకి టీవీలో ఎడమ సగం, డ్రైవరుకి కుడి సగం మాత్రమే కనిపిస్తాయి. బంతి స్తంభం దాటిందంటే ఒకరినొకరు అడగాల్సిందే. వాళ్ళు మాత్రం మాస్టారిని అడిగేవారు.

"మాస్టారూ, అటు ఏమవుతోందో ఆయన్ని అడగండి."

"మాస్టారూ, అవుట్ అయిందని ఆయనతో చెప్పండి."

తీగ పట్టుకున్న చేత్తోనే మాస్టారు ఈ రాయబారం కూడా మోసేవారు. అలా కొన్ని వేసవులు గడిచాయి.

ఈసారి టైలరు తేల్చుకోవాలనే రైలెక్కాడు. చోటు మారిస్తే సరేసరి, లేకపోతే రావడం ఇదే ఆఖరిసారి. ఇంట్లో అడుగు పెడుతూనే అడిగాడు.

"నేను సోఫాలో కూర్చుంటాన్రా."

"ఆ రోజు సోఫా లేదు."

"ఇప్పుడుంది కదా. ఖాళీగానే ఉంది కదా."

"నువ్వు కూర్చుంటే మనమీద రెండు గోల్స్ పడతాయి. ఆ పాపం నీకెందుకు?"

"అయితే మ్యాచ్ అవగానే వెళ్ళిపోతా. వచ్చే ఏడు నాకోసం చూడకు."

కెప్టెన్ ముఖం పళ్ళసెట్టు తీసేసినట్టయింది. అయినా బెంచీ వైపే చెయ్యి చూపించాడు. డ్రైవరు అప్పటికే తన సగంలో కూర్చుని ఉన్నాడు. అంతా విని, స్తంభాన్ని చూస్తున్నాడు.

మొదటి సగంలో గోల్ పడలేదు. విరామంలో కెప్టెన్ భార్య టీ తెచ్చింది. మ్యాచ్ రోజున ఏటా చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయే ఆవిడ ఈసారి కాలు బెణికి ఇంట్లోనే ఉంది.

"ఎందుకన్నయ్యా ఈ ఇరుకులో? హాయిగా సోఫాలో కూర్చోక" అంది.

"ఆ రోజు ఇలాగే కూర్చున్నాం కదమ్మా" అన్నాడు టైలరు విసుగ్గా.

"ఏ రోజు? కప్పు గెలిచిన రోజా? ఆ రోజు వీధంతా కరెంటు లేదుగా. టీవీ ఎక్కడ చూశారు? అందరూ మేడమీద కూర్చుని పక్కింటివాళ్ళ రేడియో విన్నారు. నేను కాపురానికొచ్చిన కొత్త, బాగా గుర్తు. ఈ బెంచీ అంటారా, డ్రైవరన్నయ్య కొడుకు పెళ్ళయిన ఏడు బడివాళ్ళు పాత సామాను పడేస్తుంటే ఈయన మోసుకొచ్చారు."

మాస్టారి చేతిలో తీగ జారింది. టైలరుకి ఒక్కసారిగా ఆ మేడ, ఆ చీకటి, గోడ అవతలి రేడియో గరగర అన్నీ గుర్తొచ్చాయి. బెంచీ లేదు. తీగా లేదు. వంటింట్లో స్టవ్వే వెలగలేదు. ఈ మనిషి ఇన్నేళ్ళు మ్యాచ్ చూడకుండా తలకాయ వంటింట్లో పెట్టుకుని, స్తంభం వెనకాల వీళ్ళిద్దర్నీ ఎందుకు కుక్కి కూర్చోబెట్టాడో కూడా అర్థమైంది. కోపం తెచ్చుకోవాలని చూశాడు. రాలేదు.

వంటింటి గుమ్మంలో కెప్టెన్ కింది భాగం దొరికిపోయిన దొంగలా బిగుసుకుపోయి నిలబడింది.

టైలరు టీ గ్లాసు కింద పెట్టాడు.

"లేదమ్మా, నువ్వు పొరబడ్డావు. కరెంటుంది. నేను ఇక్కడే కూర్చున్నాను."

ఆవిడ నమ్మలేనట్టు డ్రైవరు వైపు చూసింది. డ్రైవరు టీవీ మీంచి చూపు తిప్పలేదు.

"ఉందమ్మా. ఆ రోజు కూడా వీడు నా కాలు తొక్కుతూనే ఉన్నాడు."

టైలరు కాలు తియ్యలేదు. మాస్టారు వంగి తీగ ఏరుకున్నారు. ఈ ఇంట్లో మగవాళ్ళకి మతిమరుపు కూడా మూకుమ్మడిగానే వస్తుందనుకుంటూ ఆవిడ గ్లాసులు పట్టుకెళ్ళింది.

రెండో సగం మొదలైంది. బంతి స్తంభం దాటి కుడివైపు వెళ్ళింది. టీవీలో జనం గోలగోల చేశారు. టైలరు మాస్టారి వైపు నోరు తెరిచి, మూసుకుని, పక్కకి తిరిగాడు.

"అటేమైందిరా?"

"గోల్."

"మనదా?"

"వాళ్ళది."

"పోనీలే, బానే కొట్టాడా?"

"మళ్ళీ చూపిస్తున్నాడు, చూడు" అని డ్రైవరు వెనక్కి వాలి చోటిచ్చాడు. టైలరు అతని ఒళ్ళో సగం పడి చూశాడు. ఇద్దరి బరువుకీ బెంచీ ఒకవైపు లేచింది, ఇద్దరూ నేలమీద పడ్డారు, పడి లేవకుండా నవ్వుతున్నారు.

"ఏమైంది? మనం కొట్టామా?" అన్నాడు కెప్టెన్ స్టవ్వుతో.

"కొట్టాం. నువ్వు మాత్రం కదలకు" అన్నారు ఇద్దరూ.