ఢిల్లీ కంటే దూరం అవతలి ఒడ్డు

పంతొమ్మిది వందల అరవైల్లో సర్వే పని మీద ఢిల్లీ నుంచి మద్రాసుకు మొదటిసారి విమానంలో వచ్చాను. మర్నాడు శ్రీహరికోట వెళ్లడానికి పులికాట్ సరస్సులో తెరచాప పడవ ఎక్కాను. నడి సరస్సులో గాలి పడిపోయింది. పొద్దున బయల్దేరినవాళ్లం, మధ్యాహ్నమైనా అక్కడే ఉన్నాం.

పక్కన కూర్చున్న పోలమ్మ చేపలమ్ముకునే మనిషి. అవతలి ఒడ్డున కూతురికి మగబిడ్డ పుట్టాడని చూడబోతోంది. ఒక్క నిమిషం కుదురుగా లేదు.

"ఢిల్లీ ఎంత దూరమయ్యా?" అని అడిగింది.

"వెయ్యి మైళ్ల పైమాటే."

"ఎన్ని దినాలు పట్టింది?"

"విమానంలో అయిదు గంటలు."

ఆమె నోరు తెరిచి, పడవ ఊగేలా నవ్వింది. "నా బిడ్డను ఢిల్లీకి ఇచ్చుంటే ఈపాటికి మనవడ్ని ఎత్తుకొని ఉందునే!"

అందరం పగలబడి నవ్వాం. ఆ నవ్వులు ఆగకముందే గాలి లేచి తెరచాప నిండింది. సంతోషంతో కేకలు పెట్టాం.

ఒడ్డు చేరగానే పోలమ్మ మోకాటిలోతు నీళ్లలోకి దూకి, నన్నూ చెయ్యి పట్టి లాక్కుపోయింది. గుడిసె ముందు కూతురు బిడ్డను అందించబోతే, "ముందు ఈ అయ్యకియ్యి. అంత దూరం నుంచి వచ్చినాడు," అంది.

పొద్దుట్నుంచీ తొందరపడిన మనిషి పక్కకు జరిగి నిలబడింది. ఆ పసివాణ్ణి ఎత్తుకుని, ఏం చెయ్యాలో తెలియక నేను గట్టిగా నవ్వేశాను.