ఆరు సిలిండర్లు, ఒక సీటు

1968 ఫిబ్రవరి 12, సోమవారం, సాయంత్రం నాలుగుంపావుకి, విజయనగరం కంటోన్మెంటులో ఒక మెకానిక్ షెడ్డులో ఇంజను మాట మొదలైంది.

మా ఆయన నెల్లిమర్ల జూట్ మిల్లులో ఫిట్టరు. ఒక విదేశీ పత్రికలోని బొమ్మ చూసి, పాత జీపు ఛాసిస్ మీద, రెండేళ్లుగా రెండు సీట్ల రేసు కారు కడుతున్నారు. రేకు ఆయన కొట్టేవారు, కొలతలు నేను పుస్తకంలో రాసేదాన్ని. మాకు పిల్లలు లేరు. మిల్లు క్వార్టర్లలో నాతో మాట్లాడేవాళ్లు తక్కువ. వారానికి నాలుగు సాయంత్రాలు టేపు రెండో కొస పట్టుకుని నిలబడితే, ఆ కాసేపూ ఇంట్లో ఇద్దరం ఉన్నట్టుండేది. కారు పూర్తయ్యాక ఆదివారాలు కళింగపట్నం వెళ్దామనుకున్నాం. ఎడమ సీటు నాది.

మెకానిక్ పాత ఇంజన్లు విప్పి, ఎవరికి కావలసినట్టు వాళ్లకి మళ్లీ కట్టి ఇచ్చేవాడు.

"సూడు బావా, ఈ నాలుగు సిలిండర్లది జీపుది. కొత్త పిస్టన్లేసి ఇస్తాను. ఆ ఆరుది మిలటరీ లారీది. అదెల్తే నీ ఎనక దుమ్మే కనబడతాది."

మా ఆయన రెండోదాని చుట్టూ మూడుసార్లు తిరిగారు.

"గుడి సుట్టూ తిరిగినట్టు తిరుగుతన్నావేటి? దండం కూడా ఎట్టీ మరి!"

"ఏటే, లెక్క కట్టు. ఏది మంచిదో సెప్పు" అన్నారు మా ఆయన, కొలతల పుస్తకంతో వెనక నిలబడ్డ నాతో.

కట్టాను. నాలుగుదైతే హార్స్‌పవర్ ఒక్కింటికి ముప్పై పౌన్ల బరువు పడుతుంది, ఆరుదైతే ఇరవై ఒకటే, అంటే వేగం ఎక్కువ. కానీ అది జీపుదానికంటే ఎనిమిది అంగుళాలు ఎక్కువ పొడుగు. కుడివైపు స్టీరింగు ఉంది కాబట్టి ఎడమకీ వెనక్కీ జరపాలి. ఎడమ సీటు ముందు కాళ్లు పెట్టే చోటు ఇరవై అంగుళాలు. ఇంజనుకి ఎనిమిది, పొగగొట్టానికి ఐదు పోగా ఏడు మిగిలాయి. నా పాదమే తొమ్మిది.

అన్నీ పైకి చదివాను. ఆ ఏడు కూడా చదివాను. "ఆరుదే మంచిది" అన్నాను. ఆయన అడిగింది అదే.

"మరి సెల్లెమ్మ ఎక్కడ కూకుంటాది?" అన్నాడు మెకానిక్.

"దీనికి బండి పడదు బావా. బస్సెక్కితే వాంతులు."

బస్సులో నాకు వాంతి అయింది ఒక్కసారి, 1966లో. ఆ మాట నేను అనలేదు. నాకూ రావాలని ఉందనీ అనలేదు. లెక్క చూస్తే ఆయనకే తెలుస్తుందనుకుని, పుస్తకం ఆయన వైపు తిప్పి పట్టుకున్నాను. ఆయన ఇంజనువైపే చూస్తున్నారు.

ఎడమ సీటు ఏప్రిల్లో తీసేశారు. ఆ చోట పెట్రోలు డబ్బా పెట్టారు. మే 5, ఆదివారం, పొద్దున్న ఆరూ పదికి ఆయన ఒక్కరే కళింగపట్నం బయల్దేరారు. రైలు గేటు దాటేదాకా ఆ చప్పుడు వినబడింది. తర్వాత వంట చేశాను. సాయంత్రం వచ్చి, సముద్రం బాగుందన్నారు. ఇక కొలవాల్సిందేమీ లేదు కాబట్టి, డ్యూటీ దిగాక ఆయన ఇంటికి రాకుండా మెకానిక్ షెడ్డుకే వెళ్లేవారు.

1969 నవంబరు 30న బరంపురం వ్యాపారి ఒకాయన కారు కొనుక్కుపోయాడు.

ఈ మధ్యలో వచ్చిన ఆదివారాలు ఎనభై రెండు. వానకి ఆగినవి పదమూడు. ఆయన వెళ్లినవి అరవై తొమ్మిది. నేను వెళ్లినవి లేవు.

పోయినవి: సీటు ఒకటి. ఆదివారాలు అరవై తొమ్మిది. టేపు పట్టుకునే సాయంత్రాలు, వారానికి నాలుగు చొప్పున, మూడు వందల ఇరవై ఎనిమిది.